సూది చెప్పిన శాస్త్రం

(చెన్నేకొత్తపల్లిలో, కుట్టుపని కొత్తగా నేర్చుకుంటున్న స్త్రీలు, భక్తులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పురాణం చెప్పే పండితుడు సూది, దారం, కత్తెరల గురించి మాట్లాడడమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఈ సభలో కుట్టుపని నేర్చుకుంటున్న తల్లులు ముందు వరుసలో ఉన్నారు. వారిలో ఒకరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "స్వామీ, దేవుడికి ఇచ్చిన గుడ్డను కత్తిరించేటప్పుడు తప్పు పోతే పాపమా?" నేటి ప్రసంగమంతా ఆ ప్రశ్నకు సమాధానమే. ఒక్క మాటలో చెప్పదగిన సమాధానం కాదు గనుక కొంచెం విస్తరించి మనవి చేస్తాను.

ఈ ప్రశ్న మన సీమలో పుట్టడం సహజం. మనకు ఒక ప్రక్క పట్టు మగ్గాలకు పేరుపొందిన ధర్మవరం, మరొక ప్రక్క పెనుకొండ, ఆ దిగువన హిందూపురం, లేపాక్షి ఉన్నాయి. వాన తక్కువైన నేల ఇది. వేరుశనగ చేతికి రాని సంవత్సరం ఇంట్లో ఒక కుట్టు మిషను ఉంటే పిల్లల చదువు ఆగదు. కనుక కుట్టు ఇక్కడ కాలక్షేపం కాదు, జీవనం. జీవనంలో వచ్చే తప్పుకు శాస్త్రం ఏమి చెబుతుందో తెలుసుకోవడం అవసరం.

సూదికి శాస్త్రంలో ఉన్న స్థానం

మన వాఙ్మయం సూదిని చిన్నచూపు చూడలేదు. ఋగ్వేదం రెండవ మండలంలో రాకాదేవిని స్తుతించే చోట, విరగని సూదితో ఆమె తన పనిని కుట్టాలనే భావం కనిపిస్తుంది. ఆ మంత్రాన్ని సీమంతోన్నయన సంస్కారంలో వినియోగిస్తారు. గర్భంలోని శిశువు క్షేమాన్ని కోరే వేళ ఋషికి తోచిన ఉపమానం కుట్టుపని అయింది! సృష్టి అంటే దైవం చేతి కుట్టు అని తాత్పర్యం.

అమరకోశంలో నేతపనివానికి తంతువాయుడు, కువిందుడు అని పేర్లు ఉన్నాయి. కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అని పేర్లు. సూచి అంటే సూది. సూదితో బ్రతికేవాడు సౌచికుడు. శాస్త్ర చర్చలలో 'సూచీకటాహ న్యాయం' అని ఒకటి వాడతాము. కమ్మరి దగ్గరకు ఒకరు కాగు చేయించుకోవడానికి, మరొకరు సూది చేయించుకోవడానికి వస్తే, తేలికగా ముగిసే సూదిని ముందు చేసి ఇచ్చి, తరువాత కాగు పని పట్టుకుంటాడు. సులభమైనదాన్ని ముందు, కఠినమైనదాన్ని పిమ్మట చేపట్టమని దాని భావం. నేర్చుకునే తల్లులకు ఇంతకంటె మంచి ఉపదేశం లేదు. మొదట దిండు గలీబు, చేతిసంచి కుట్టండి. ఆ తరువాత లంగా, ఆ పైన రవిక. రవికలో చంక భాగం, మెడ భాగం అన్నింటికంటె కష్టమని కుట్టేవారందరికీ తెలుసు. కాగుతో మొదలుపెట్టినవారికి సూది కూడా చేతికి రాదు.

సూది పట్టినవారిలో మహాభక్తులున్నారు. పండరి విఠలుని సేవించిన నామదేవుడు దర్జీ ఇంట పుట్టినవాడని ప్రసిద్ధి. పన్నెండవ శతాబ్దపు శివశరణులలో సూజికాయకద రామితందె అనే ఆయన ఉన్నాడు. సూదిపనే ఆయన కాయకం, అదే ఆయన పేరైంది.

కత్తెర పడిన గుడ్డ

లేపాక్షికి మీరందరూ వెళ్ళే ఉంటారు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రస్వామి ఆలయం అది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కసారి తల ఎత్తి పైకప్పు చిత్రాలను చూడండి. అందులోని స్త్రీల చీరలపై ఎన్ని రకాల గీతలు, గళ్ళు, పూలు, అంచులు! లతామండపం స్తంభాలపై చెక్కిన అల్లికలు నేటికీ చీర అంచులకు నమూనాలవుతున్నాయి. ఆ చిత్రాలలోనే తలపై పొడుగాటి కుళ్ళాయిలు ధరించిన పురుషులు కూడా కనిపిస్తారు. కుళ్ళాయి, కబాయి విజయనగర ఆస్థాన వేషాలు. అవి కుట్టిన వస్త్రాలు. కుట్టని చీర, కుట్టిన కబాయి రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

ఈ రెండింటికి ఒక భేదం ఉంది. చీర కట్టులో కుచ్చిళ్ళు తప్పితే విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. గుడ్డకు నష్టం లేదు. మగ్గం మీద పేక తప్పు పడినా నేతగాడు ఆ పోగులను వెనక్కు తీసి సరిచేయగలడు. తెగిన పడుగు పోగును అతికి ముందుకు సాగగలడు. కత్తెర పడిన తరువాత మాత్రం గుడ్డ మునుపటి గుడ్డ కాదు. అందుకే కొత్తగా నేర్చుకునేవారి చేయి కత్తెర దగ్గర వణుకుతుంది. ఆ వణుకు మంచిదే. వణుకు లేని చేయి కంటె, వణుకుతూ రెండుసార్లు కొలిచే చేయి మేలు.

తప్పుకు మూడు కారణాలు

తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థి అన్నంభట్టుగారి తర్కసంగ్రహం చదువుతాడు. అందులో కారణం మూడు విధాలని చెప్పి, ఉదాహరణకు వస్త్రాన్నే తీసుకున్నారు. పోగులు సమవాయి కారణం. పోగుల కలయిక అసమవాయి కారణం. మగ్గం మొదలైన సాధనాలు నిమిత్త కారణం. వస్త్రం పుట్టుకకు చెప్పిన ఈ మూడింటినీ వస్త్రం చెడడానికి కూడా అన్వయించి చూడండి. తప్పు జరిగినప్పుడు "నా చేయి మంచిది కాదు, నా రాత ఇంతే" అని కూర్చునేవారికి కారణం తెలియదు. కారణం తెలియనివారికి దిద్దుబాటు దొరకదు.

మొదటిది గుడ్డలో ఉండే కారణం. కొత్త నూలు గుడ్డను తడిపి ఆరవేయకుండా కత్తిరిస్తే, కుట్టిన రోజున సరిపోయిన రవిక మొదటి ఉతుకుకే బిగిసిపోతుంది. గుడ్డ నిలువుగా, అంటే పడుగు వైపు, అంతగా సాగదు. పేక వైపు కొంచెం సాగుతుంది. ఐమూలగా పట్టి లాగితే బాగా సాగుతుంది. ఇది తెలియక అడ్డదిడ్డంగా పరచి కోస్తే వస్త్రం ఒంటి మీద మెలి తిరుగుతుంది. ఇక్కడ చేయి దోషం లేదు. గుడ్డ స్వభావం తెలియకపోవడమే దోషం.

రెండవది కలయికలో ఉండే కారణం. కొలత ప్రకారం ఖచ్చితంగా కోసి, కుట్టులోకి పోయే గుడ్డను విడవకపోవడం కొత్తవారు తరచుగా చేసే తప్పు. రెండు చేతులూ ఒకే వైపువిగా కోయడం మరొకటి. మిషను కుట్టులో పై దారం, కింది బాబిన్ దారం సమానమైన బిగువుతో కలవాలి. పై దారం వదులైతే గుడ్డ అడుగున ఉచ్చులు తేలుతాయి. కొత్తవారు అడుగున ఉచ్చులు చూసి బాబినును తిప్పుతూ ఉంటారు. దోషం కనబడేది కింద, కారణం ఉన్నది పైన! సంసారంలో కూడా ఎన్నో కలతలు ఇటువంటివే. పిల్లవాని మాటలో పరుషత్వం వినబడితే పిల్లవాణ్ణి దండిస్తాము. ఆ మాట ఏ పెద్దవాని నోట విని నేర్చాడో చూడము.

మూడవది సాధనంలోను, కర్తలోను ఉండే కారణం. మొద్దుబారిన కత్తెర, వంగిన సూది సాధన దోషాలు. తొందర కర్తృదోషం. పాణినీయ శిక్ష వేదం చదివేవారిలో ఆరుగురిని అధములని పేర్కొన్నది. వేగంగా చదివేవాడు అందులో ఒకడు. అర్థం తెలియకుండా చదివేవాడు మరొకడు. పండుగ ముందురోజు రాత్రి తొందరలో కుట్టే కుట్టూ, "పక్కింటావిడ ఇట్లాగే కోసింది" అని కారణం తెలియకుండా కోసే కోతా ఆ కోవలోవే.

విప్పడం కూడా విద్యే

కుట్టు నేర్పేవారు మొదట నేర్పవలసినది కుట్టడం కాదు, విప్పడం. వేదాధ్యయనంలో మాకు ఇది అనుభవం. మంత్రాన్ని సంహితగా, అంటే సంధులతో కలిపి చదువుతాము. తరువాత పదపాఠంలో ఆ సంధులన్నీ విడదీసి ఒక్కొక్క పదంగా చదువుతాము. ఆపైన క్రమం, జట, ఘన అని మళ్ళీ మళ్ళీ కలుపుతాము, విడదీస్తాము. సంధి అంటేనే కలయిక. విడదీసి చూడనివానికి ఎక్కడ ఏ అక్షరం దేనితో కలిసిందో తెలియదు. వేల సంవత్సరాలు ఒక్క స్వరం జారకుండా వేదం నిలిచిందంటే ఈ విప్పడం, కలపడం అనే అభ్యాసం వల్లనే.

కుట్టిన రవికను విప్పి చూసే అమ్మాయి పదపాఠం చదువుతున్నదని నేనంటాను. బలంగా లాగితే గుడ్డ చిరుగుతుంది. నాలుగైదు కుట్లకు ఒకటి చొప్పున తెంచి, వెనుక దారం మెల్లగా లాగితే గుడ్డ చెడదు. తప్పును విప్పడానికి కూడా ఓర్పు కావాలి. ముందు పచ్చి కుట్టు వేసుకుని తొడిగి చూసుకునే అలవాటు ఉంటే విప్పవలసిన పనే సగం తగ్గుతుంది.

ఒక పట్టు పావడ

ఇప్పుడు నేను చూసిన ఒక విషయం చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు అవసరం లేదు. ధర్మవరం పట్టుచీరలతో పాటు అక్కడి పావడలు కూడా భౌగోళిక గుర్తింపు పొందినవని మీకు తెలుసు. ఒక వృద్ధ నేతగారు తాను నేసిన పట్టును, నెమళ్ళ బుటాలతో ఉన్నదాన్ని, అమ్మవారి ఉత్సవమూర్తికి పావడ కుట్టించమని ఒక గుడికి సమర్పించారు. కుట్టు కొత్తగా నేర్చిన ఒక అమ్మాయి భక్తితో ఆ పని తీసుకున్నది. కొలతలు సరిగ్గా తీసింది. కాగితం మీద ముందు కోసి చూసుకున్నది. పైన సన్నంగా, కింద వెడల్పుగా నాలుగు ముక్కలు రావాలి. గుడ్డ పొదుపు చేయడానికి ఒక ముక్కను నిటారుగా, దాని ప్రక్క ముక్కను తలకిందుగా పెట్టి కోసింది. నాలుగూ కోసి ప్రక్కప్రక్కన పరచి చూస్తే రెండు ముక్కలలో నెమళ్ళు నిలబడి ఉన్నాయి, రెండింటిలో కాళ్ళు పైకి ఉన్నాయి!

ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదని విన్నాను. ఆ పట్టు వెల చెల్లించే శక్తి ఆ ఇంటికి లేదు. ఇక మిషను ముట్టనని చెప్పింది. గుడి పెద్దలలో ఒకరు "తలకిందుల ముక్కలు వెనక్కు పెట్టి కుట్టేయండి, ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ అమ్మాయి ఏడుస్తూనే "అమ్మవారు చూడదా అయ్యా?" అన్నది. అప్పుడు నన్ను పిలిపించారు.

నేను రెండే మాటలు చెప్పాను. సమర్పణ ఇంకా జరగలేదు గనుక ఇది అపచారం కాదు, పని తప్పు మాత్రమే. అయితే దాతకు తెలియకుండా ఏమీ చేయరాదు. తప్పు ఎక్కడైనా జరుగుతుంది. దాచిన క్షణం నుంచి అది దోషమవుతుంది.

నేతగారికి కబురు పంపారు. ఆయన వచ్చి, ముక్కలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తరువాత ఆ అమ్మాయిని అడిగారు.

"కాగితం కోసి చూసుకుంటివా తల్లీ?"

"చూసుకుంటి తాతా. కాగితం మీద నెమళ్ళు లేవు కదా."

ఆయన నవ్వారు. "అవును, కాగితానికి తలా కాళ్ళూ ఉండవు. గుడ్డకు ఉంటాయి. ఇంక మీద ప్రతి కాగితం మీదా ఒక బాణం గుర్తు పెట్టుకో, పైకి ఏదో తెలుస్తుంది. నేను నేర్చుకునేటప్పుడు మా నాయన జానెడు నేత విప్పించినాడు. ఆ జానెడే నాకు పని నేర్పింది."

నిటారుగా ఉన్న రెండు ముక్కలతో, ప్రక్కల సాదా పట్టు చేర్చి పావడ తయారైంది. తలకిందులైన ముక్కలను కలిపి అమ్మవారి పీఠం మీద పరిచే వస్త్రం కుట్టారు. పరిచిన గుడ్డకు పై వైపు, కింది వైపు అని లేదు. ఏ వైపు నుంచి చూసినవారికి ఆ వైపు నెమళ్ళు నిలబడి కనిపిస్తాయి. ఆ అమ్మాయి నేడు మరికొందరికి కుట్టు నేర్పుతున్నది. ఆమె దగ్గర నేర్చినవారి కాగితాల మీద మొట్టమొదట గీసేది బాణం గుర్తే.

దిద్దుబాటుకు శాస్త్ర ప్రమాణం

యజ్ఞంలో నలుగురు ముఖ్య ఋత్విజులలో బ్రహ్మ అనే ఆయన ప్రధానంగా మౌనంగా కూర్చుంటాడు. తక్కినవారు చేసే పనిలో లోపం వస్తే గమనించి సరిచేయడం ఆయన బాధ్యత. అంటే తప్పు జరుగుతుందని ముందే ఊహించి, దాన్ని దిద్దడానికి ఒక పీఠం వేసి ఒక మనిషిని కూర్చోబెట్టిన ధర్మం మనది. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయంలో ఈ విషయం వివరంగా ఉంది. ఋక్కులో లోపం వస్తే గార్హపత్యాగ్నిలో, యజుస్సులో వస్తే దక్షిణాగ్నిలో, సామంలో వస్తే ఆహవనీయంలో వేర్వేరు వ్యాహృతులతో హోమం విధించారు. ఏ తప్పుకు ఆ దిద్దుబాటు! ఒక లోహాన్ని మరొక లోహంతో అతికినట్లు, కొయ్యను తోలుతో బిగించినట్లు యజ్ఞంలోని విరుపును అతుకుతారని అక్కడి ఉపమానం.

పూజ చివర మంత్రలోపానికి, క్రియాలోపానికి క్షమాపణ చెప్పుకుంటాము. అది తెలిసి చేసిన అజాగ్రత్తకు ముసుగు కాదు. శక్తికొద్దీ శ్రద్ధతో చేసినవానికి మాత్రమే ఆ క్షమాపణ చెప్పుకునే అర్హత ఉంటుంది.

ఈ శ్రద్ధకు మన కాలంలో ఒక నిదర్శనం చెబుతాను. తెలంగాణలో ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశంగారు నేత కుటుంబంలో పుట్టినవారు. ఆరవ తరగతితో చదువు ఆగింది. చీరకు ఆసు పోసేటప్పుడు తల్లి వేల సార్లు చేయి చాపవలసి వచ్చి భుజం నొప్పితో బాధపడడం చూశారు. ఆ పని చేసే యంత్రం కోసం 1992లో ప్రయత్నం మొదలుపెట్టారు. ఒక భాగం కుదిరితే మరొకటి కుదరలేదు, డబ్బు అయిపోయింది, నలుగురూ నవ్వారు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే, లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ ఏడేళ్ళ విఫల ప్రయత్నాలను వ్యర్థమని ఎవరనగలరు? యంత్రాలను అంతగా ఇష్టపడని గాంధీమహాత్ముడు కూడా 1924లో సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చాడు. భార్య పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని చేశాడని, దాని వెనుక ప్రేమ ఉందని ఆయన అభిప్రాయం. ప్రేమ ఉన్నచోట తప్పు మనిషిని ఆపలేదు, ముందుకే నడిపింది.

చివరిగా మూడు మనవులు

నేర్చుకునే తల్లులకు ఒక మనవి. చెడిన మొదటి రవికను పారవేయకండి. దాన్ని విప్పి, ఏది ఎక్కడ తప్పిందో దాని మీదనే సుద్దతో రాసి ఉంచుకోండి. అంతకంటె మంచి పాఠ్యపుస్తకం అంగడిలో దొరకదు. కారణం గుడ్డలో ఉన్నదా, కలయికలో ఉన్నదా, సాధనంలో ఉన్నదా అని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఖరీదైన గుడ్డను చేయి కుదిరిన తరువాత ముట్టండి.

ఇంటి పెద్దలకు ఒక మనవి. కోడలు గుడ్డ చెడగొట్టినప్పుడు మీరు అనే మొదటి మాట మీద ఆమె రెండవ రవిక ఆధారపడి ఉంటుంది. యజ్ఞంలో బ్రహ్మ లోపాన్ని చూసి ఋత్విజుణ్ణి బయటకు పంపడు. లోపాన్ని దిద్ది యజ్ఞాన్ని సాగనిస్తాడు. ఇంట్లో పెద్దరికం కూడా అటువంటిదే.

దాతలకు ఒక మనవి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన దేడర దాసయ్య కథ మీరు వినే ఉంటారు. ఎంతో శ్రమించి నేసిన అపురూప వస్త్రాన్ని జంగముని రూపంలో వచ్చిన శివునికి ఇచ్చాడు. ఆయన కళ్ళ ఎదుటే ముక్కలుగా చించినా దాసయ్య చలించలేదు. ఇచ్చినదాని మీద మమకారం విడిచినవాడికి స్వామి తరగని నిధిని అనుగ్రహించాడు. మీరు ఇచ్చిన వస్త్రం కొత్త చేతుల్లో పడి ఒక కుట్టు వంకర పోతే, దానితో పాటు ఒక చేయి పని నేర్చిందని సంతోషించండి. వస్త్రదానంతో పాటు విద్యాదాన ఫలం కూడా మీదే అవుతుంది. అయితే జరిగినది మీకు నిజంగా తెలియజేయడం పని పట్టినవారి ధర్మం. ఇద్దరి ధర్మాలూ కలిస్తేనే కుట్టు నిలుస్తుంది. పై దారం, కింది దారం సమానంగా కలిసినట్లు.

కనుక మొదట అడిగిన ప్రశ్నకు సమాధానం ఇది. శ్రద్ధతో చేసిన పనిలో వచ్చిన తప్పు పాపం కాదు. చూడకపోవడం, దాచడం, మళ్ళీ అదే చేయడం, ఈ మూడే పాపానికి దగ్గర దారులు. చూసి, చెప్పి, దిద్దుకున్న తప్పు విద్య అవుతుంది.

అమ్మవారు మీ చేతుల్లోని సూదిని విరగకుండా, మీ మనస్సులోని ఓర్పును తెగకుండా కాపాడుగాక! మన సీమలో సకాలంలో వానలు కురిసి, మగ్గాలు, మిషన్లు, నాగళ్ళు అన్నీ చల్లగా నడుచుగాక!

లోకాస్సమస్తా స్సుఖినో భవంతు. స్వస్తి.